దివ్యాంగ బాలల గృహ స్వయంచాలన వ్యవస్థలకు ప్రభుత్వ నిధులు: ఆస్ట్రేలియా జాతీయ వైకల్య బీమా పథకం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం వంటివి వైకల్య సహాయకాలన్న విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. గదిలో దీపం వెలిగించే, తలుపు తెరిచే, ఫ్యాను ఆపే గృహ స్వయంచాలన వ్యవస్థ విషయంలో మాత్రం అది వైకల్య సహాయకమా, సాధారణ గృహోపకరణమా అన్న ప్రశ్న తలెత్తుతుంది. లబ్ధిదారు బాలుడో బాలికో అయినప్పుడు “ఆ పని తల్లిదండ్రులు ఎలాగూ చేస్తారు కదా” అన్న మరో ప్రశ్న దానికి తోడవుతుంది. ఈ రెండు ప్రశ్నలకు ఆస్ట్రేలియా జాతీయ వైకల్య బీమా పథకం తన చట్టంలో, నియమావళిలో ఎలాంటి సమాధానాలను పొందుపరిచిందో, నిధులు కోరే కుటుంబం ఏయే అంశాలను నిరూపించవలసి ఉంటుందో వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. పిల్లల విషయంలో సరైన కొలమానం తల్లిదండ్రుల శ్రమ కాదనీ, అదే వయసు గల ఇతర పిల్లల స్వతంత్రత అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆస్ట్రేలియాలోని తెలుగు కుటుంబాల స్థితిని, తెలుగు రాష్ట్రాల్లో అమలులో ఉన్న పథకాలను కూడా సంక్షిప్తంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వైకల్యం, సహాయక సాంకేతికత, గృహ స్వయంచాలన, బాలల హక్కులు, ఎన్.డి.ఐ.ఎస్., సంక్షేమ విధానం.

1. ఉపోద్ఘాతం:

వైకల్యాన్ని వ్యక్తి శరీరంలోని లోపంగా మాత్రమే చూసే దృష్టి గత అర్ధ శతాబ్దంలో క్రమంగా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన అంతర్జాతీయ వర్గీకరణ (ఐ.సి.ఎఫ్.) వ్యక్తి ఆరోగ్య స్థితితో పాటు అతని చుట్టూ ఉన్న పరిసర కారకాలను కూడా వైకల్య నిర్ణయంలో భాగం చేసింది. ఈ దృష్టితో చూస్తే గోడమీద నాలుగడుగుల ఎత్తున ఉన్న స్విచ్ కూడా ఒక పరిసర కారకమే. చేయి ఎత్తలేని బాలికకు ఆ స్విచ్ అవరోధం. అదే దీపం ఆమె తల పక్కన అమర్చిన చిన్న మీటతో వెలిగితే అవరోధం తొలగిపోతుంది. బాలిక శరీరం మారలేదు, ఇల్లు మారింది.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లోనూ, ఆస్ట్రేలియా 2008లోనూ ధ్రువీకరించాయి. దివ్యాంగ బాలల ఎదుగుతున్న సామర్థ్యాలను గౌరవించడం ఈ ఒడంబడిక మూడవ అధికరణం పేర్కొన్న సాధారణ సూత్రాలలో ఒకటి. తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయాన్ని వ్యక్తం చేసే హక్కు దివ్యాంగ బాలలకు ఉన్నదని ఏడవ అధికరణం చెబుతుంది. సూత్రం స్పష్టంగానే ఉంది. ఆ సూత్రం ఒక ఇంటిలోని దీపం, తలుపు, పంకా దాకా చేరాలంటే దానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నది చిక్కు ప్రశ్న. ఈ ప్రశ్నను చట్టం ద్వారా వివరంగా ఎదుర్కొన్న దేశాలలో ఆస్ట్రేలియా ఒకటి.

2. గృహ స్వయంచాలన వ్యవస్థ – స్వరూపం, చరిత్ర:

గృహ స్వయంచాలన వ్యవస్థలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది ఆదేశం ఇచ్చే సాధనం. ఇది ఒక పెద్ద బొత్తాము కావచ్చు, తలతో నొక్కే మీట కావచ్చు, ఊదడం, పీల్చడం ద్వారా పనిచేసే గొట్టం కావచ్చు, కంటిచూపును గుర్తించే తెర కావచ్చు, మాట కావచ్చు. రెండవది ఆ ఆదేశాన్ని గ్రహించి సంకేతంగా మార్చే నియంత్రణ కేంద్రం. మూడవది ఆ సంకేతంతో పనిచేసే దీపం, పంకా, తలుపు, కర్టెన్, టెలివిజన్, మంచం వంటివి. రెండవ, మూడవ భాగాలు ఇప్పుడు బజారులో అందరికీ దొరుకుతాయి. మొదటి భాగం మాత్రం ప్రతి బిడ్డకూ వేరుగా ఉంటుంది. ఒకే ఒక కదలికను నియంత్రించగల పిల్లలకు తెరమీద అంశాలు ఒకదాని తరువాత ఒకటిగా వెలుగుతూ, కావలసినది వెలిగినప్పుడు మీట నొక్కే వరుస ఎంపిక పద్ధతిని అమర్చుతారు. మీట ఎక్కడ పెట్టాలి, ఎంత వేగంతో అంశాలు మారాలి అన్నది నిపుణుడు బిడ్డను గమనించి తేల్చవలసిన విషయం.

ఈ సాంకేతికత చరిత్ర గమనించదగినది. 1960ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి రోగుల కోసం రెగ్ మేలింగ్ ‘పాసమ్’ అనే వ్యవస్థను రూపొందించాడు. కాళ్లు, చేతులు చచ్చుబడిన రోగులు గొట్టంలో ఊదడం, పీల్చడం ద్వారా పరికరాలను నడపడానికి అది తోడ్పడింది. లాటిన్ భాషలో ఆ మాటకు ‘నేను చేయగలను’ అని అర్థం. ఇంట్లో ఉన్న విద్యుత్ తీగల మీదుగానే సంకేతాలు పంపే ‘ఎక్స్10’ పద్ధతిని స్కాట్లండ్‌లోని ఒక సంస్థ రూపొందించినది 1975లో. అంటే గృహ స్వయంచాలన విలాసంగా బజారుకు రాకముందే వైకల్య సహాయకంగా పుట్టింది. తరువాతి కాలంలో అది చవకై, సర్వసాధారణమై, ప్రతి దుకాణంలోనూ దొరికే వస్తువైంది. ఈ చవకదనమే నేడు దివ్యాంగుల దరఖాస్తులకు అడ్డుగా నిలుస్తోంది. అందరూ కొనే వస్తువుకు వైకల్య నిధి ఎందుకు ఇవ్వాలన్న వాదన ఇక్కడి నుంచే బయలుదేరుతుంది.

3. జాతీయ వైకల్య బీమా పథకం – చట్ట భూమిక:

ఆస్ట్రేలియా ఉత్పాదకతా సంఘం 2011లో సమర్పించిన నివేదిక ఆధారంగా 2013లో జాతీయ వైకల్య బీమా పథకం చట్టం రూపొందింది. ఎన్.డి.ఐ.ఎస్.గా ప్రసిద్ధమైన ఈ పథకం 2013 జూలైలో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2016 జూలై నుంచి దేశమంతటా దశలవారీగా విస్తరించింది. దీనికి ఆదాయ పరిమితి లేదు. శాశ్వత వైకల్యం, దానివల్ల దైనందిన సామర్థ్యంలో గణనీయమైన తగ్గుదల ప్రధాన అర్హతలు. చిన్నపిల్లల విషయంలో ఎదుగుదల లోపాలకు తొలిదశ సహాయం పొందే మార్గం కూడా ఉంది. అర్హత పొందిన ప్రతి వ్యక్తికీ ఒక వ్యక్తిగత ప్రణాళిక, అందులో నిర్ణీత నిధులు ఉంటాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల తరఫున సాధారణంగా తల్లిదండ్రులే వ్యవహరిస్తారు. అయితే బిడ్డ అభీష్టాన్ని తెలుసుకొని, బిడ్డ శ్రేయస్సు కోసం వ్యవహరించడం వారి విధి అని చట్టం చెబుతుంది.

ఏ సహాయకానికైనా నిధులు రావాలంటే అది ‘సహేతుకం, అవసరం’ అని తేలాలి. చట్టంలోని 34వ సెక్షన్ దీనికి ప్రమాణాలను నిర్దేశించింది. వాటి సారాంశం ఇది:

అ) ఆ సహాయకం వ్యక్తి తన ప్రణాళికలో పేర్కొన్న లక్ష్యాలను సాధించడానికి తోడ్పడాలి.
ఆ) సామాజిక, ఆర్థిక జీవితంలో పాల్గొనడానికి దోహదం చేయాలి.
ఇ) అయ్యే వ్యయానికి తగిన విలువ ఉండాలి.
ఈ) అది ఫలవంతమైనదని, ప్రస్తుత వృత్తి ప్రమాణాలకు అనుగుణమైనదని తేలాలి.
ఉ) కుటుంబం, బంధుమిత్రులు, సమాజం సహేతుకంగా ఎంతవరకు చేయగలరో పరిగణించాలి.
ఊ) అది ఈ పథకం పరిధిలోకి వచ్చే సహాయకమై ఉండాలి.

2024లో చట్టానికి చేసిన సవరణ అదే సంవత్సరం అక్టోబరు 3 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటినుంచి పథకం నిధులతో కొనదగినవి, కొనరానివి జాబితాలుగా నిర్దేశితమయ్యాయి. కోరిన సహాయకం, పథకంలో ప్రవేశానికి ఆధారమైన వైకల్యం నుంచి పుట్టిన అవసరాన్నే తీర్చాలన్న నిబంధన కూడా స్పష్టమైంది. గృహ స్వయంచాలన వ్యవస్థకు దరఖాస్తు చేసే కుటుంబం ఈ ప్రమాణాలన్నింటినీ ఏకకాలంలో తృప్తిపరచాలి. ఒక్కటి తప్పినా దరఖాస్తు నిలవదు.

4. బాలల దరఖాస్తులకు ఎదురయ్యే మూడు అవరోధాలు:

4.1 గృహోపకరణమా? వైకల్య సహాయకమా?

రోజువారీ జీవన వ్యయాలను ఈ పథకం భరించదు. అద్దె, కిరాణా, విద్యుత్ బిల్లు, ఇంటర్నెట్ చార్జీల వంటివి అందరికీ ఉండే ఖర్చులు. కేవలం వైకల్యం కారణంగానే అదనంగా అయ్యే ఖర్చు వేరు. ‘స్మార్ట్’ బల్బు, ప్లగ్ వంటివి మొదటి వర్గంలోకి వస్తాయన్న అభ్యంతరం సహజంగానే వస్తుంది. దీనికి సమాధానం వస్తువు పేరులో దొరకదు, వాడుకలో దొరుకుతుంది. ఇతరులకు అది సౌకర్యం. గోడమీది స్విచ్‌ను అందుకోలేని బిడ్డకు దీపం వెలిగించే ఏకైక మార్గం. కాబట్టి దరఖాస్తులో ఆదేశ సాధనం, నియంత్రణ కేంద్రం, పనిచేసే ఉపకరణం అన్న మూడు భాగాలనూ విడదీసి చూపడం అవసరం. టెలివిజన్ ఇంటి ఖర్చు. దానిని తలమీటతో నడపడానికి కావలసిన పరికరం, అమరిక, శిక్షణ వైకల్య ఖర్చు. ఈ విభజన చేయకుండా మొత్తం ఇంటిని ఆధునికీకరించే అంచనా పత్రం సమర్పిస్తే, న్యాయమైన అంశాలు కూడా దానితో పాటే తిరస్కరణకు గురవుతాయి.

2024 సవరణ ఇక్కడ మరొక మార్గాన్ని ఏర్పరచింది. సాధారణంగా పథకం నిధులతో కొనరాని కొన్ని గృహోపకరణాలను, ట్యాబ్లెట్, స్మార్ట్‌ఫోన్, స్మార్ట్ వాచ్ వంటివాటిని ‘ప్రత్యామ్నాయ సహాయకం’గా అనుమతించవచ్చు. అది ప్రణాళికలో ఉన్న ఒక సహాయకానికి బదులుగా నిలవాలి. ఖర్చు దానికి మించకూడదు. ఫలితం దానితో సమానంగానైనా, మెరుగ్గానైనా ఉండాలి. కొనడానికి ముందే అనుమతి పొందాలి. ముందు కొని తరువాత ఖర్చు కోరడం ఈ విషయంలో ప్రమాదకరం.

4.2 తల్లిదండ్రుల బాధ్యత:

పిల్లల దరఖాస్తులకు ఇది అన్నింటికన్నా పెద్ద అవరోధం. తల్లిదండ్రులు పిల్లలకు గణనీయమైన సంరక్షణ, సహాయం అందించడం సహజమని 2013 నియమావళి స్పష్టంగా చెబుతుంది. దీపం వేయడం, తలుపు తీయడం తల్లి చేసే పనులే కదా అన్న అభ్యంతరానికి ఈ వాక్యమే ఆధారం. అయితే నియమావళి అక్కడితో ఆగలేదు. దాని వెంటనే మరి మూడు అంశాలను పరిగణించాలని నిర్దేశించింది. ఒకటి, వైకల్యం కారణంగా ఆ బిడ్డ సంరక్షణ అవసరాలు అదే వయసు పిల్లల అవసరాలకన్నా గణనీయంగా ఎక్కువగా ఉన్నాయా? రెండు, సంరక్షణ భారం వల్ల కుటుంబ సభ్యుల శ్రేయస్సుకు ముప్పు ఎంత? మూడు, నిధులిస్తే బిడ్డ సామర్థ్యం ఇప్పుడో భవిష్యత్తులోనో పెరుగుతుందా, లేక బిడ్డకు ఉన్న ముప్పు తగ్గుతుందా?

ఈ అంశాలలో మొదటిదే కీలకం. ఉదాహరణకు సెరిబ్రల్ పాల్సీ కారణంగా చేతుల కదలికపై అదుపు లేని తొమ్మిదేళ్ల బాలికను ఊహించవచ్చు. రెండేళ్ల బిడ్డ గదిలో దీపం తల్లే వేస్తుంది. వైకల్యం ఉన్నా లేకపోయినా అది తల్లి పనే. కాబట్టి రెండేళ్ల బిడ్డ పేరుతో దీపానికి నిధులు కోరడం బలహీనమైన వాదన. తొమ్మిదేళ్ల పిల్లలు మాత్రం తమ గదిలో దీపం తామే వేసుకుంటారు, తలుపు మూసుకుంటారు, ఉక్కపోస్తే పంకా తిప్పుకుంటారు, నచ్చిన పాట పెట్టుకుంటారు. ఈ పనులకు ఆ వయసులో ఏ తల్లీ రోజుకు పలుమార్లు లేవదు. ఊహించిన బాలిక తల్లి మాత్రం లేవాలి. ఆ తేడా తల్లిదండ్రుల సాధారణ బాధ్యతలో భాగం కాదు, వైకల్యం నుంచి పుట్టినది. బిడ్డ వయసు పెరిగేకొద్దీ ఈ వ్యత్యాసం పెరుగుతుంది. అందువల్ల దరఖాస్తులోని ప్రతి అంశానికీ “ఈ వయసు పిల్లలు ఈ పనిని స్వయంగా చేసుకుంటారా?” అన్న ప్రశ్న వేసుకోవాలి. అవునన్న సమాధానం వచ్చిన అంశాలే వాదనకు నిలుస్తాయి.

ఇందులో ఖర్చుకు మించిన మరో విషయం ఉంది. ప్రతి చిన్న పనికీ మరొకరిని పిలవక తప్పని బిడ్డ క్రమంగా పిలవడం మానేస్తుంది. తాను చేసిన పనికి తన కళ్లముందే ఫలితం కనిపించడం పిల్లలు ప్రపంచాన్ని నేర్చుకునే పద్ధతి. ఆ అవకాశం లేనప్పుడు బిడ్డ నిస్సహాయతకు అలవాటు పడే ప్రమాదం ఉంది. తలుపు తానే మూసుకోగలగడం ఏకాంతానికి సంబంధించినది. కౌమారంలో అడుగుపెడుతున్న పిల్లలకు అది గౌరవానికి సంబంధించిన విషయం కూడా.

4.3 వ్యయానికి తగిన విలువ:

ఒక పరికరం వల్ల భవిష్యత్తులో ఇతర సహాయాల ఖర్చు తగ్గుతుందా అన్నది విలువ నిర్ణయంలో ఒక కొలమానం. వేతన సహాయకుల మీద ఆధారపడిన వయోజనుల విషయంలో ఈ లెక్క తేలిక. 2025–26లో పనిదినాల పగటివేళ వ్యక్తిగత సహాయానికి పథకం అనుమతించిన గరిష్ఠ ధర గంటకు సుమారు 70 డాలర్లు. పరికరం వల్ల పనిదినాల్లో రోజుకు అరగంట సహాయం తగ్గినా, 52 వారాలకు 130 గంటలు, అంటే సుమారు 9,100 డాలర్లు మిగులుతాయి. పరికరం ధరను ఈ మొత్తంతో పోల్చి చూపవచ్చు.

బాలల విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. అదే అరగంట పనిని తల్లి వేతనం లేకుండా చేస్తోంది. పథకం ఖాతాలో ఆ శ్రమ విలువ సున్నా. పరికరం వచ్చినా ఖాతాలో మిగులు కనిపించదు. ఈ కొలమానాన్ని యాంత్రికంగా వాడితే, ఇంట్లో అమ్మ ఉన్నందుకే బిడ్డ నష్టపోతుంది. దీనికి పరిష్కారం దీర్ఘకాలిక దృష్టిలో ఉంది. చిన్ననాటి నుంచి ఒక మీటతో పరిసరాలను నియంత్రించడం నేర్చుకున్న బిడ్డ, అదే నైపుణ్యంతో చక్రాల కుర్చీనీ, సంభాషణ పరికరాన్నీ, కంప్యూటరునూ నడపడం నేర్చుకోవచ్చు. వయోజన దశలో ఆ వ్యక్తికి అవసరమయ్యే వేతన సహాయం ఆ మేరకు తగ్గే అవకాశం ఉంది. పథకం తనను తాను ‘బీమా’ అని పిలుచుకోవడంలోని తర్కం కూడా ఇదే: నేడు పెట్టే ఖర్చు జీవితకాల వ్యయాన్ని తగ్గించాలి. తల్లిదండ్రుల వెన్నునొప్పి, నిద్రలేమి వంటి ముప్పులను వైద్య ఆధారాలతో చూపడం ఈ వాదనను బలపరుస్తుంది.

5. దరఖాస్తు, నివేదిక – నిర్మాణ క్రమం:

ఈ పథకంలో సహాయక సాంకేతికతను ధరను బట్టి మూడు తరగతులుగా విభజించారు. 1,500 డాలర్ల లోపు ఉన్నవి తక్కువ ధరవి, 1,500 నుంచి 15,000 డాలర్ల వరకు మధ్యస్థమైనవి, అంతకు మించినవి అధిక ధరవి. తరగతి పెరిగేకొద్దీ ఆధారాల బరువు పెరుగుతుంది. అధిక ధర గల వాటికి నిపుణుని సమగ్ర అంచనా నివేదిక, ధరల పత్రం తప్పనిసరి. ఇంటి గోడల్లో తీగలు మార్చడం, తలుపులకు మోటార్లు బిగించడం వంటివి గృహ మార్పుల కిందకు రావచ్చు. అద్దె ఇంట్లో వీటికి యజమాని అనుమతి కూడా కావాలి. ప్లగ్‌లో పెట్టి వాడే పరికరాలను ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలకు ఈ తేడా ముఖ్యమైనది.

నివేదికను సాధారణంగా ఆక్యుపేషనల్ థెరపిస్టు రాస్తారు. దరఖాస్తు బలం చాలావరకు ఈ నివేదిక మీదే ఆధారపడుతుంది. అందులో ఉండవలసిన అంశాలు:

1) లక్ష్యం: “ఇంటికి స్మార్ట్ పరికరాలు కావాలి” అన్నది లక్ష్యం కాదు, కోరిక. “రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఎవరినీ లేపకుండా దీపం వేసుకోవడం, అవసరమైతే తల్లిని పిలవడం” అన్నది లక్ష్యం. దీనిని కొలవవచ్చు.

2) ప్రస్తుత స్థితి: బిడ్డ ఏయే పనులకు, రోజుకు ఎన్నిసార్లు, ఎవరిని పిలుస్తోంది అన్న వివరాలను ఒకటి రెండు వారాల దినచర్య పట్టికగా నమోదు చేయాలి. సాధారణ వర్ణన కన్నా ఈ పట్టిక విలువైన ఆధారం.

3) సమవయస్కులతో పోలిక: ప్రతి పనికీ ఆ వయసు పిల్లల సాధారణ సామర్థ్యాన్ని పక్కన చూపాలి.

4) ప్రత్యామ్నాయాల పరిశీలన: తక్కువ ధర పరికరాలను ప్రయత్నించిన తీరు, అవి సరిపోతే ఎంతవరకు సరిపోయాయి, సరిపోకపోతే ఎందుకు అన్నది చెప్పాలి. పొడవైన కర్ర, స్పర్శతో వెలిగే దీపం వంటి సాదా పరిష్కారాలను కూడా విస్మరించరాదు. వాటితో పని జరిగితే ఖరీదైన వ్యవస్థ అవసరం లేదు.

5) ప్రయోగ ఫలితం: అరువు తెచ్చిన పరికరంతో కొన్ని వారాలు ప్రయత్నించి, బిడ్డ ఎన్నిసార్లు స్వయంగా విజయం సాధించిందో నమోదు చేయాలి. మాటతో నడిచే పరికరాల విషయంలో ఇది మరీ ముఖ్యం. సెరిబ్రల్ పాల్సీ వల్ల ఉచ్చారణ స్పష్టంగా లేని పిల్లల మాటను ఆ పరికరాలు గుర్తించకపోవచ్చు.

6) అమరిక, శిక్షణ, మరమ్మతు: పరికరం ధర ఒక్కటే అడిగితే, అది పెట్టెలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. బిగింపు, బిడ్డకూ కుటుంబానికీ శిక్షణ, తరువాతి సర్దుబాట్లు కూడా అంచనాలో చేరాలి.

7) భద్రత: ఇంటర్నెట్ ఆగినా, కరెంటు పోయినా తలుపు తెరుచుకునే మార్గం ఉండాలి. కెమెరాలు, మాటలు గ్రహించే పరికరాలు పడకగదిలో ఉంటే బిడ్డ ఏకాంతానికి ఏర్పాటు ఏమిటో పేర్కొనాలి.

వీటికి తోడు బిడ్డ అభిప్రాయం నివేదికలో కనిపించాలి. పెద్దలు తలుపును ముఖ్యమని భావించవచ్చు, బిడ్డకు పాటలు ముఖ్యం కావచ్చు. తాను కోరుకున్న పనికి ఉపయోగపడే పరికరాన్నే బిడ్డ నిలకడగా వాడుతుంది. వాడకం ఉన్నచోటే ఫలితం ఉంటుంది, ఫలితమే చట్టం కోరే ప్రమాణం.

6. తిరస్కరణ – సమీక్షా మార్గాలు:

తిరస్కరణ తుది నిర్ణయం కాదు. నిర్ణయం అందిన మూడు నెలలలోపు అంతర్గత సమీక్ష కోరవచ్చు. మొదటి నిర్ణయంతో సంబంధం లేని మరో అధికారి దానిని పరిశీలిస్తారు. అక్కడా న్యాయం జరగలేదని భావిస్తే 28 రోజులలోపు స్వతంత్ర న్యాయాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. ఇదివరకు అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్ నిర్వహించిన ఈ బాధ్యతను 2024 అక్టోబరు 14 నుంచి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ చేపట్టింది. బిడ్డ పరిస్థితి మారినప్పుడు ప్రణాళికను తిరిగి అంచనా వేయమని కోరడం వేరే మార్గం. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

ఈ సందర్భంలో 2017లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి డెబ్రా మోర్టిమర్ ఇచ్చిన ఒక తీర్పు గమనార్హం. వివాదం ప్రయాణ ఖర్చులకు సంబంధించినది. ఒక సహాయకం సహేతుకం, అవసరం అని తేలిన తరువాత దానికయ్యే ఖర్చును పూర్తిగా భరించాలే తప్ప, కొంత భాగాన్ని కుటుంబం మీద వేయడం చట్టసమ్మతం కాదని ఆ తీర్పు సారం. గృహ స్వయంచాలనకూ ఈ సూత్రం వర్తిస్తుంది. కుటుంబం ఏ మేరకు చేయగలదన్న ప్రశ్న సహాయకం అవసరమా కాదా అని నిర్ణయించే దశకు చెందినది. అవసరమని తేల్చిన తరువాత ధర తగ్గించడానికి దానిని వాడరాదు. తిరస్కరణ లేఖలో పేర్కొన్న ప్రమాణం ఏదో గుర్తించి, దానికి మాత్రమే కొత్త ఆధారంతో సమాధానమివ్వడం సమీక్షలో ఫలవంతమైన పద్ధతి.

7. తెలుగు కుటుంబాలు, తెలుగు రాష్ట్రాలు:

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పథకంలో తొలి ప్రశ్న నివాస హోదా. పౌరసత్వం గాని, శాశ్వత వీసా గాని, న్యూజిలాండ్ పౌరులలో కొందరికి వర్తించే రక్షిత ప్రత్యేక వీసా గాని ఉండాలి. తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్న కుటుంబంలోని బిడ్డకు వైకల్యం ఎంత తీవ్రమైనదైనా ఈ పథకం వర్తించదు. రెండవది కుటుంబ నిర్మాణం. స్వదేశం నుంచి కొన్ని నెలల కోసం వచ్చిన అమ్మమ్మో నానమ్మో బిడ్డ పనులు చేస్తున్నప్పుడు అంచనా జరిగితే, ఆ సహాయం శాశ్వతమైనదిగా నమోదయ్యే అవకాశం ఉంది. అది తాత్కాలికమని నివేదికలో స్పష్టంగా ఉండాలి. మూడవది భాష. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఏ భాషలో ఆదేశాన్ని స్పష్టంగా పలుకుతున్నారో పరీక్షించిన తరువాతే మాటతో నడిచే వ్యవస్థను ఎంచుకోవాలి.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి వేరు. ఇక్కడ వైకల్య సహాయం ప్రధానంగా మూడు రూపాల్లో అందుతుంది. నగదు పింఛను మొదటిది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు నెలకు రూ. 6,000, పూర్తిగా మంచానికి పరిమితమైన వారికి రూ. 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛనును రూ. 4,016కు పెంచారు. రెండవది ఉపకరణాల పంపిణీ. కేంద్ర ప్రభుత్వం 1981లో ప్రారంభించిన ఆడిప్ పథకం ఆదాయ పరిమితికి లోబడి చక్రాల కుర్చీలు, మూడు చక్రాల బండ్లు, వినికిడి యంత్రాలు మొదలైనవి అందిస్తుంది. 2014లో సవరించిన ఈ పథకం కింద పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్‌కు రూ. 6 లక్షల వరకు అనుమతించారు. మూడవది పన్ను రాయితీ. ఆదాయపు పన్ను చట్టంలోని 80డిడి సెక్షన్ దివ్యాంగుడైన ఆశ్రితుని పోషణకు రూ. 75,000, తీవ్ర వైకల్యమైతే రూ. 1,25,000 మినహాయింపును కల్పించింది.

ఈ మూడింటిలోనూ ఒక లక్షణం ఉమ్మడిగా కనిపిస్తుంది. సహాయం వ్యక్తి చేతికి నగదుగానో, శరీరానికి ఉపకరణంగానో చేరుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బడికి వెళ్లే పిల్లలకు సహాయక ఉపకరణాల గురించి, ప్రజోపయోగ భవనాల సౌలభ్యం గురించి మాట్లాడింది. బిడ్డ రోజులో అధికభాగం గడిపే ఇల్లు మాత్రం ఈ రెండింటి మధ్య మిగిలిపోయింది. ఇల్లు కుటుంబ వ్యవహారమనీ, ఇంట్లో చేయడానికి మనుషులు ఉంటారనీ అన్న భావన దీని వెనుక ఉన్నదనుకోవచ్చు. ఆస్ట్రేలియా నియమావళిలోని ‘తల్లిదండ్రుల బాధ్యత’ అన్న వాక్యం రాతపూర్వకంగా చెప్పిన విషయమే ఇక్కడ చెప్పకుండానే అమలవుతోంది. అక్కడ ఆ వాక్యానికి ఎదురు నిలిచే ‘సమవయస్కులతో పోలిక’ అనే నిబంధన ఉంది. ఇక్కడ అటువంటిది ఏర్పడవలసి ఉంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

- గృహ స్వయంచాలన చరిత్రలో ముందుగా వైకల్య సహాయకం, తరువాతే వినియోగ వస్తువు. బజారులో దొరకడం అనర్హతకు కారణం కారాదు. వస్తువు వాడుకే నిర్ణాయకం.
- పిల్లల దరఖాస్తును నిలబెట్టేది తల్లిదండ్రుల కష్టాన్ని వర్ణించడం ఒక్కటే కాదు. అదే వయసు పిల్లలు స్వయంగా చేసుకునే పనులకు, ఆ బిడ్డ చేయలేకపోతున్న పనులకు మధ్య వ్యత్యాసాన్ని ఆధారాలతో చూపడం ప్రధానం.
- వేతనం లేని తల్లి శ్రమను సున్నాగా లెక్కించే విలువ నిర్ణయం బాలలకు ప్రతికూలంగా పనిచేస్తుంది. దీర్ఘకాలిక సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడే అది సరిపడుతుంది.
- దినచర్య పట్టిక, పరికర ప్రయోగ ఫలితం, ప్రత్యామ్నాయాల పరిశీలన, బిడ్డ అభిప్రాయం అనే నాలుగు అంశాలు నివేదికకు మూలస్తంభాలు.
- తెలుగు రాష్ట్రాల్లో నగదు, ఉపకరణాలు, పన్ను రాయితీ ఉన్నప్పటికీ ఇంటి పరిసరాన్ని మార్చే సహాయం ఇంకా విధాన చర్చలోకి రావలసి ఉంది. పునరావాస శాస్త్రం, సామాజిక శాస్త్రం, న్యాయశాస్త్రం కలిసి పరిశోధించదగిన రంగం ఇది.

తల్లి ఎంతకాలమైనా దీపం వేయగలదు. అయితే దీపం వేసుకోవడం నేర్చుకోవలసిన వయసు బిడ్డ జీవితంలో ఒక్కసారే వస్తుంది. నిధుల నిర్ణయంలో ఆ వయసుకు స్థానం ఇచ్చినప్పుడే, ఎదుగుతున్న సామర్థ్యాలను గౌరవించడం అనే ఒడంబడిక సూత్రం ఇంటి గడప దాటి లోపలికి వస్తుంది.